అందెడి తేనె

ధ్యాన భాగము: 1 సమూయేలు 14:24-32



ఇశ్రాయేలీయులు ఫిలిష్తీయులను తరుముచున్న దినమున సౌలు రాజు తన సైన్యమునకు ఒక ఒట్టు పెట్టెను. ప్రొద్దు క్రుంకువరకు ఎవడును నోట మెతుకు వేయరాదు. వేసినవానికి శాపము తగులును. ఆ దినమున వారి దారి అడవిలో పడినది. అక్కడ తేనెపట్టులు కారుచుండెను. తెల్లవారినది మొదలు పరుగెత్తి డస్సిపోయిన మనుష్యులు. వారి కాళ్లయొద్దనే తేనె. వంగి వ్రేలు ముంచిన చాలును. అయినను ఒట్టుకు జడిసి అందరును దాని ప్రక్కగా నడచిపోయిరి. యోనాతాను ఒక్కడే ఆ ఒట్టు వినలేదు. అతడు తన చేతికఱ్ఱ కొనను పట్టులో ముంచి నాలుకకు తగిలించుకొనగా అతని చూపునకు తేట వచ్చినది.

తేనె ఉన్నది. ఆకలిగొన్నవారు ఉన్నారు. కాని ఆ రెంటికి నడుమ ఒక అడ్డు పడినది. మన సంఘములలో కూడ ఇట్టి అడ్డు ఏదైన ఉన్నదా అని పరీక్షించుకొనుటయే ఈ నెల ధ్యానముయొక్క ఉద్దేశము. దీనికి సహాయముగా మా గుడి ప్రక్కన పెంచుచున్న సాల్వియా మొక్కలను గూర్చి కొంత చెప్పగోరుచున్నాము. పూలతోటకు వాక్యమునకు ఏమి పొత్తు అని ఎవరైనను అడుగవచ్చును. అడవి పువ్వులను చూడుమని చెప్పినవాడు మన ప్రభువే (మత్తయి 6:28). గ్రీకు మూలములో ఆ మాటకు ఊరక కన్ను వేయుట అని కాక, శ్రద్ధగా చూచి నేర్చుకొనుట అని అర్థము. కావున నేర్చుకొందము.

మొదటిది: మంచి పేరు

సాల్వియా అనునది పట్టణపు ఉద్యానవనములలోను, రైల్వే స్టేషన్ల ముందును, బడుల ఆవరణలలోను చలికాలమున ఎఱ్ఱగా పూయు మొక్క. మీలో అనేకులు పేరు ఎరుగకపోయినను పువ్వును చూచియుందురు. దాని కాడను రెండు వ్రేళ్ల నడుమ త్రిప్పి చూడుడి, నాలుగు పలకలుగా తగులును. ఆకులు ఎదురెదురుగా జతలు జతలుగా పుట్టును. తులసి, పుదీన, మరువము, మన చేలగట్లమీద తెల్లగా పూయు తుమ్మి, ఇవన్నియు ఆ కుటుంబములోనివే. సాల్వియా జాతిలోనే సుమారు 1,000 రకములు కలవు. ఈ దినములలో అంగళ్లలో అమ్ముచున్న చియా గింజలు కూడ ఒక సాల్వియా మొక్క గింజలే.

దీని పేరు మంచి పేరు. స్వస్థత, క్షేమము అను అర్థముగల లతీను మాటనుండి అది పుట్టినది. ఇంగ్లీషువారు రక్షణకు వాడు మాట కూడ ఆ మూలమునుండి వచ్చినదే. ఐరోపా దేశములలో ఈ జాతిలోని ఒక మొక్క ఆకులను గొంతునొప్పికి మందుగా చిరకాలమునుండి వాడిరి. అందుచేతనే ఆ పేరు నిలిచినది.

ఇశ్రాయేలు దేశపు కొండలమీద కూడ సాల్వియాలు తమంతట తాము మొలచును. శాస్త్రజ్ఞులు వాటిలో ఒకదానికి యెరూషలేము పేరును, మరియొకదానికి పాలస్తీనా పేరును పెట్టిరి. 20వ శతాబ్దమున ఎఫ్రాయిము హరువేని, ఆయన భార్య హన్నా అను యూదా వృక్షశాస్త్రజ్ఞులు ఒక సంగతి గమనించిరి. నడుమ ఒక కాడ, దానికి ఇరుప్రక్కల ఎదురెదురుగా కొమ్మలు, కణుపు కణుపున మొగ్గలు గల ఈ మొక్క రూపము, దేవుడు మోషేకు సెలవిచ్చిన దీపవృక్షమును పోలియున్నదని వారు చెప్పిరి (నిర్గమ. 25:31-37). అది వారి తలంపు. లేఖనమైతే ఆ వృక్షపు పువ్వులను బాదము పువ్వులతో పోల్చుచున్నది. అయినను ఒక్క మాట మనకు ఉపయోగపడును. ఆ దీపములు వృక్షమును అందగించుటకు పెట్టినవి కావు. వాటి వెలుగు ఎదుటి తట్టున పడవలెనని ఆజ్ఞ.

మన సంఘములకును మంచి పేరున్నది. గుడి గోడమీద రక్షణ అని వ్రాసికొన్నాము. కాని పేరు చదివి కడుపు నింపుకొనిన తేనెటీగ ఏదియు లేదు.

రెండవది: ఎఱ్ఱ పువ్వు, నీలి పువ్వు

మా గుడి దక్షిణపు గోడ వెంబడి ఇరువది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు గల నేల ఉన్నది. చలికాలములో ప్రొద్దున్న ఎనిమిది మొదలు సాయంకాలము నాలుగువరకు అక్కడ ఎండ కాయును. ఆ నేలలో ఎఱ్ఱ సాల్వియాను, నీలి సాల్వియాను ప్రక్క ప్రక్కనే నాటించితిమి. అవి పూచినప్పుడు దారిన పోవువారు ఎఱ్ఱదానినే చూచి నిలుచుచుండిరి. నీలిదానిని అడిగినవారు తక్కువ. కాని తేనెటీగలు ఎఱ్ఱని పువ్వులను దాటి నీలి పువ్వులమీదనే గుమిగూడుచుండెను.

కారణము లేకపోలేదు. ఎఱ్ఱ సాల్వియా పుట్టిల్లు బ్రెజిలు దేశము. అక్కడ హమ్మింగు పిట్టలు అను మిక్కిలి చిన్న పక్షులున్నవి. అవి అమెరికా ఖండములలో తప్ప మరెక్కడను లేవు. వాటి ముక్కు పొడవైనది. ఎఱ్ఱ సాల్వియా పువ్వు ఆ ముక్కుకు తగినట్లు పొడవైన గొట్టముగా ఉండి, తేనెను అడుగున దాచుకొనియుండును. మన తేనెటీగ నాలుక అంత దూరము పోదు. అంతేకాదు, తేనెటీగ ఎఱుపును మనము చూచినట్లు చూడదు. పసుపు, నీలము, మన కంటికి కనబడని ఊదాకు ఆవలి కాంతి, ఇవి దానికి కనబడు రంగులు. తేనెటీగలకు రంగులు తెలియునని పరీక్షలు చేసి చూపిన కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞునికి 1973లో నోబెల్ బహుమతిలో భాగమిచ్చిరి.

ఎఱ్ఱ పువ్వులో తేనె లేదని కాదు. మన తేనెపిట్ట తన వంకర ముక్కుతో దానిని త్రాగిపోవుచున్నది. సీతాకోకచిలుక కూడ తన చుట్టిన నాలుకను చాచి త్రాగును. కొన్ని పెద్ద తుమ్మెదలైతే లోనికి పోలేక, పువ్వు మొదట కన్నము చేసి తేనెను దొంగిలించును. అట్టి దొంగతేనె వలన పువ్వుకు ఏ మేలును లేదు.

నీలి సాల్వియా టెక్సాసు, మెక్సికో ప్రాంతములది. దాని శాస్త్రీయ నామములో పిండి అను అర్థముగల మాట ఉన్నది, ఏలయనగా దాని కంకులకు తెల్లగా పిండి చల్లినట్లుండును. దాని పువ్వు చిన్నది, గొట్టము పొట్టిది, ముందు పెదవి వెడల్పైనది. తేనెటీగ వచ్చి వాలుటకు ఆ పెదవి అరుగు వలె ఉపయోగపడును.

ప్రియులారా, మనలో ఏది ఎక్కువగా ఉన్నది? దారిన పోవువాని కన్నుల నాపు ఎఱుపా, ఆకలితో వచ్చినవానికి అందు నీలమా? గుడికి రంగులు వేయించితిమి, మైకు పెట్టించితిమి, పండుగనాడు ఊరంత చూచునట్లు దీపాలంకారము చేసితిమి. ఇవి తప్పని మేము చెప్పుట లేదు. కాని దినమంత వంగి నాట్లు వేసి వచ్చిన అవ్వ వెనుక చాపమీద కూర్చుండి వినుచున్నప్పుడు, ప్రసంగములోని తీపి ఆమె నాలుకకు అందినదా? చదువు రానివాడు వాక్యము వినగోరినప్పుడు అతని ప్రక్కను కూర్చుండి చదివి వినిపించువాడు ఉన్నాడా? ప్రభువు ఆకలిగొని అంజూరపు చెట్టునొద్దకు వచ్చినప్పుడు దూరమునుండి ఆకులు కనబడెను, దగ్గరకు పోగా పండు లేదు (మార్కు 11:13). దూరమునుండి కనబడునది వేరు, దగ్గరకు వచ్చినవానికి దొరకునది వేరు.

అట్లని ఎఱ్ఱ మొక్కను పెరికివేయమని చెప్పము. తేనెపిట్ట కూడ దేవుడు చేసినదే, దానికిని మేత కావలెను. పౌలు కొందరికి పాలును కొందరికి గట్టి ఆహారమును వేరుచేసి మాటలాడినట్లు (1 కొరింథీ. 3:2), ఒక తోటలో రెండు విధముల నోళ్లకు రెండు విధముల పువ్వులుండుట మంచిది. కాని ఎఱుపొక్కటే నాటి తేనెటీగలు రాలేదేమని నిందింపరాదు.

మూడవది: ఎండలో పెంచుట

ఇంటిముందు గాని గుడియొద్ద గాని దీనిని పెంచగోరువారికి నాలుగు మాటలు. మన మైదానములలో ఇది చలికాలపు పంట. సెప్టెంబరు మొదట నారు పోసినయెడల క్రిస్మసు నాటికి ఎఱ్ఱది నిండుగా పూయును. నీలిదానికి కొంచెము ఆలస్యమగును. గింజలను లోతుగా పూడ్చరాదు. మెత్తని మట్టిమీద చల్లి, పైన సన్నని ఇసుక పలుచగా రాల్చి, నీళ్లు కుమ్మరింపక చిలకరించవలెను. పది పదునైదు దినములలో మొలకలు కనబడును. నాలుగైదు ఆకుల నారును అడుగునకొకటి చొప్పున నాటవలెను.

దినమునకు ఆరు గంటల ఎండయైనను కావలెను. నీడలో మొక్క సాగి పడిపోవును, పువ్వు తగ్గును. నీలిది ఎండకు బాగుగా ఓర్చును. ఎఱ్ఱదానికి వేసవి దగ్గరపడినప్పుడు మధ్యాహ్నము కొంచెము నీడ కావలెను. బాగుగా చివికిన ఎరువు ఒకసారి వేసిన చాలును. యూరియా ఎక్కువైన ఆకులే పెరుగును, పువ్వులు రావు. నీళ్లు నిలువరాదు. మొక్క జానెడు ఎదుగక మునుపే చివర గిల్లినయెడల ప్రక్క కొమ్మలు పుట్టి గుబురగును. వాడిన కంకిని ఎప్పటికప్పుడు త్రుంచినయెడల క్రొత్త కంకి వేయును. ఫలించు తీగెను తండ్రి మరి ఎక్కువ ఫలించుటకు శుద్ధిచేయునని ప్రభువు చెప్పిన మాట (యోహాను 15:2) ఇక్కడ చేతితో చేసి తెలిసికొనవచ్చును. పిల్లలచేత చేయించుడి.

మరియొక మాట. ఈ దినములలో గుడి ఆవరణమంతయు సిమెంటు వేయించుట అలవాటగుచున్నది. ఒక మూలనైనను మట్టిని మట్టిగా విడువుడి. తేనెటీగలన్నియు పట్టు పెట్టవు. నేలలో చిన్న కన్నము చేసికొని ఒంటరిగా పిల్లలను పెంచు జాతులు చాల కలవు. కడుపుమీద నీలి చారలుగల ఒక చిన్న తేనెటీగ అట్టిదే. సాల్వియా అనిన దానికి ఇష్టము. వంగ, టమాట పువ్వులలో పుప్పొడి సన్నని రంధ్రములలో చిక్కుకొనియుండును. ఈ నీలిచారల ఈగ ఆ పువ్వును పట్టుకొని గట్టిగా ఝుమ్మని అదరించి పుప్పొడిని రాల్చును. పట్టుపెట్టు తేనెటీగకు ఆ పని చేతకాదు. మన వంకాయకు మేలుచేయు ఈగకు ఇల్లు ఆ మట్టిమూలయే.

నాలుగవది: ఈ వ్యర్థమెందుకు?

ఒక సంఘపెద్ద మమ్మును ఇట్లు అడిగిరి: “అయ్యగారూ, ఆ నేలలో గోంగూర వేసిన పది కుటుంబములకు కూరయగును గదా, తినుటకు రాని పూలెందుకు?” బేతనియలో మరియ అత్తరు పోసినప్పుడు యూదా ఇటువంటి ప్రశ్నయే వేసెను. కాని అతడు పేదలమీది ప్రేమచేత అడుగలేదని యోహాను వ్రాసెను (యోహాను 12:6). మన పెద్ద అట్లు కాదు. నిజముగా పేదలను తలంచియే అడిగిరి. కావున వారికి తగిన జవాబు చెప్పవలెను.

మీ దొడ్డిలో గుమ్మడి పాదును చూడుడి. దానిలో మగ పువ్వులు వేరు, ఆడ పువ్వులు వేరు. ఆడ పువ్వు క్రింద చిన్న పిందె ఉండును. పువ్వు తెల్లవారుజామున విచ్చి, ఎండ ముదిరినంతలో ముడుచుకొనును. ఆ కొద్ది గంటలలో ఏ తేనెటీగయైనను మగ పువ్వులోని పుప్పొడిని తెచ్చి అంటించవలెను. అంటించనియెడల పిందె పసుపెక్కి రాలిపోవును. దిష్టి తగిలినదని మనము అనుకొందుము. దోస, కాకర పాదులకును ఈగలే దిక్కు. మన పంటపొలములు ఒకే సారి పూచి ఒకే సారి ముగియును. ఆ నడిమి నెలలలో ఈగలు ఏమి తిని బ్రదుకును? ఎండలో నెలల తరబడి పూయు సాల్వియా, గట్టుమీది తుమ్మి, పూయనిచ్చిన తులసి, ఇవి వాటికి కఱవు కాలపు గాదెలు. గుడియొద్ద పూలు పూచినందున ఊరిలోని పేదరాలి గుమ్మడి పాదుకు మేలు కలుగునేని, అది వ్యర్థము కాదు.

ఐదవది: వచ్చినది ఊరక పోదు

సాల్వియా పువ్వు లోపల ఒక వింత అమరిక గలదు. 1793లో క్రిస్టియన్ కొన్రాడ్ ష్ప్రెంగెల్ అను జర్మను ఉపాధ్యాయుడు పువ్వులకు ఈగలకు గల సంబంధమును గూర్చి వ్రాసిన గ్రంథములో దీనిని వర్ణించెను. తేనెకొఱకు ఈగ లోనికి తల దూర్చినప్పుడు, నీళ్లు తోడు ఏతమువంటి ఒక సన్నని కాడ అడుగు భాగమును అది నెట్టును. ఏతము ఒక ప్రక్క త్రొక్కగా రెండవ ప్రక్క లేచునట్లు కాక, ఇక్కడ లోపలి కొన వెనుకకు పోగా పై కొన వంగి, ఈగ వీపుమీద పుప్పొడి చల్లును. ఈగకు ఆ సంగతి తెలియదు. అది త్రాగి తృప్తిపడి మరియొక పువ్వునొద్దకు పోవును. ముదిరిన పువ్వులో కీలము క్రిందికి వంగియుండి, సరిగా ఆ వీపుమీదనే తగిలి పుప్పొడిని అందుకొనును. సాల్వియా జాతిలో అనేక రకములకు ఈ అమరిక ఉన్నది.

దీనిలో రెండు సంగతులున్నవి. పువ్వు ముందుగా పని చెప్పి తరువాత తేనె నియ్యదు. త్రాగుటకు వచ్చినదానిని త్రాగనిచ్చును. త్రాగుచున్న సమయముననే దాని వీపుమీద మరియొకరి కొఱకు కొంత మోపును. సమరయ స్త్రీ నీళ్లకు వచ్చెను, మాటలాడుచుండగానే ఆమె కుండ విడిచి ఊరిలోనికి వార్త మోసికొనిపోయెను (యోహాను 4:28-29). మనమైతే అనేకసారులు తలక్రిందులుగా చేయుచున్నాము. చందా పుస్తకము, హాజరు పుస్తకము, కమిటీ ముందు; తేనె తరువాత. ఆకలితో వచ్చినవాడు త్రాగకముందే బరువెత్తవలసివచ్చిన, అతడు ఆ పువ్వుమీద మరల వాలడు. తృప్తిగా త్రాగి పోయినవాడైతే, తనకు తెలియకయే పొరుగువానికి జీవము మోసికొనిపోవును.

ఆరవది: తేనెలో విషము

పువ్వు అందినది, తేనె అందినది. కాని తేనెలోనే విషమున్నయెడల? ఇమిడాక్లోప్రిడ్ వంటి పురుగుమందులు గింజకు పట్టించినను, ఆకుపై చల్లినను మొక్క రసములో కలిసి, పూతేనెలోనికిని పుప్పొడిలోనికిని చేరును. ఐరోపా సమాఖ్య ఆ తరగతిలోని మూడు మందులను ఆరుబయట పొలములలో వాడరాదని 2018లో నిషేధించెను. మనలో రైతులైనవారు పంటను కాపాడుకొనవలెను, కాదనము. కాని పూతమీదనున్న చేనిలో ప్రొద్దున్నే మందు చల్లుట, వచ్చిన అతిథికి విషము పెట్టుటయే. తప్పనిసరియైనయెడల ప్రొద్దుగ్రుంకి ఈగలు ఇల్లు చేరిన తరువాత, గాలి లేనప్పుడు చల్లుడి. తోటలోని సాల్వియాకైతే మందు అక్కరలేదు. పురుగుపట్టిన ఆకును చేతితో గిల్లివేయవచ్చును.

ఒకడు అంటించిన అగ్ని ముండ్లకంపకు తగిలి పొరుగువాని పైరు కాలినయెడల, అంటించినవాడే నష్టము తీర్చవలెనని మోషే ధర్మశాస్త్రము విధించినది (నిర్గమ. 22:6). నా చేనులో నేను చల్లుకొంటినని చెప్పి తప్పించుకొనుటకు వీలులేదు. అగ్నికి గట్టు తెలియదు, మందుకును తెలియదు. మాటకును అట్లే. ఇంపైన మాటలు తేనెపట్టు వంటివనియు ఎముకలకు ఆరోగ్యకరమనియు సొలొమోను చెప్పెను (సామెతలు 16:24). గుడిలో తియ్యగా పాడిన నోటితోనే గుడి బయట ఒక పేటవారిని గూర్చి హీనముగా మాటలాడినయెడల, విన్న పిల్లవాడు ఆ పాటలోని తేనెను ఇక నమ్మడు.

కడపటిది: మన ఒట్టు

ఇప్పుడు సౌలు ఒట్టునొద్దకు తిరిగి వత్తము. సౌలు ఆ దినమున దుష్టుడై ఒట్టు పెట్టలేదు. ఉపవాసముండి యుద్ధము చేయుట భక్తిగానే కనబడినది. కాని దాని ఫలము చూడుడి. జనులు సొమ్మసిల్లిరి, జయము తగ్గినది. సాయంకాలము ఒట్టు తీరగానే ఆకలికి ఆగలేక దోపుడు పశువులమీద పడి, చంపి, రక్తముతోనే తినిరి (14:32). తేనె ముట్టనియ్యని ఆజ్ఞ వారిని ధర్మశాస్త్రము మీరు పాపములోనికి త్రోసినది. అందెడి తేనెను అందకుండ చేసినప్పుడు ఆకలి చావదు. అది మరియొక చోటికి పరుగెత్తును. వారమంతయు తీపి మాట ఎరుగని పడుచువాడు కల్లు దుకాణములో కూర్చున్నాడని నిందించుచున్నాము. అతనికి మనయొద్ద ఏమి అందినది?

మన గ్రామ సంఘములలో ఇట్టి ఒట్టు ఒకటి ఉన్నదని మా తలంపు. ఆరాధన ఆదివారము ప్రొద్దున్న పది గంటలకు అనునదే అది. మంచి ఏర్పాటే. కాని పత్తితీత నాళ్లలోను మిరపకోత నాళ్లలోను మన స్త్రీలలో అనేకులు ఆ గంటకు చేలలో ఉన్నారు. ఆదివారము రానన్న స్త్రీని కూలి ముఠావారు మరునాడు పిలువరు. ఆమె ఇంట ఆ కూలియే బియ్యము. మూడు నాలుగు నెలలు ఆమె బల్లకు దూరమగుచున్నది. తరువాత హాజరు పుస్తకము చూచి ఆమె చల్లారిపోయినదని వ్రాయుచున్నాము. ఆమె చల్లారలేదు. తేనె కారుచున్న దారిని ఆకలితో నడచిపోవుచున్నది.

ఆదివారమును విడిచిపెట్టుమని మేము చెప్పుట లేదు. విశ్రాంతిదిన ఆజ్ఞ యజమానునితో మాటలాడి, దాసుడును దాసియు అతనివలె విశ్రమింపవలెనని చెప్పుచున్నది (ద్వితీ. 5:14). కనుక మొదట మనలో పొలముగలవారికి ఒక మాట. ఆదివారము మీ చేనికి కూలివారిని పిలిచి, మీరు మాత్రము తెల్లబట్టలతో గుడికి వచ్చి ముందు వరుసలో కూర్చుండకుడి. మీ పొలములో ఆ ఒక్క దినము కోత ఆపిన, మీ కూలివారిలో పదిమంది బల్లకు వత్తురు. ఇది ప్రసంగమునకు చెప్పు మాట కాదు. వచ్చు ఆదివారము చేయదగిన పని.

రెండవది, సంఘపెద్దలకు మనవి. కోత నెలలలో మొదటి ఆదివారపు సంస్కారమును దీపాలు పెట్టువేళ ఆచరింతము. సాయంకాలము కూడ ఆదివారమే. త్రోయలో సంఘము కూడిన మేడగదిలో అనేక దీపములుండెను, రొట్టె విరుచుటకు వారు రాత్రివేళ కూడియుండిరి (అపొ. కార్య. 20:7-8). ప్రభువు దానిని మొదట ఇచ్చినదియు ప్రొద్దుగ్రుంకిన తరువాతనే. దానికి మన తెలుగు సంఘము పెట్టిన పేరులోనే రాత్రి ఉన్నది గదా: ప్రభురాత్రి భోజనము. పగలు రాలేనివారికి రాత్రి వడ్డించుట క్రొత్త ఆచారము కాదు, పాత ఆచారమును జ్ఞాపకము చేసికొనుటయే. చేతులకు మిరప ఘాటు, పత్తి గీతలు ఉన్న స్త్రీలు ఆ బల్లయొద్దకు వచ్చునట్లు ప్రతి సంఘపెద్దల కూటములో ఈ సంగతి ఎత్తుడని కోరుచున్నాము.

మీ పెరటిలో ఎండ తగులు జానెడు చోటున్నయెడల నాలుగు నీలి సాల్వియా మొక్కలు నాటుడి. ఈగలు వాలుచున్నప్పుడు కాసేపు నిలిచి చూడుడి. మన ఇంటను, మన గుడిలోను, మన నాలుకమీదను ఉన్న తీపి ఎవరికి అందుచున్నది, ఎవరికి అందుట లేదు అని ఆ ఘడియలో మిమ్మును మీరు అడుగుడి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ దయ మాకు అందెడి చోటనే ఉంచితివి, మేము ఎక్కలేని ఎత్తున ఉంచలేదు. నీవు నేలమీద ఉంచినదానిని మేము అటకమీద దాచకుండ కాపాడుము. అలసినవారికిని నీ బల్లకును నడుమ మేము కట్టిన అడ్డు ఏదైన ఉన్నయెడల మాకు చూపుము, తొలగించుటకు ధైర్యమిమ్ము. చేలలో పనిచేయుచున్న మా అక్కచెల్లెండ్రను, నీవు చేసిన చిన్న రెక్కల ప్రాణులను, మా చేతులనుండి పుట్టు కీడునుండి తప్పించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.